ఫొటోలో కనబడనివారు

(రుషికొండలో జరిగిన మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మేము ఫుట్‌బాల్ గురించి మాట్లాడతామన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, "సరే మేడం, కానీ చివరికి చదువుకు కలపండి" అన్నారు. కలుపుతాం. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లం, దేన్నయినా చదువుకు కలపడం మాకు అలవాటే.

మేము అంటే ఎవరో ముందే చెప్పాలి. మా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ముగ్గురం టీచర్లం. ఒకరు పీఈటీ మేడం, ఒకరు లెక్కలు, ఒకరు సాంఘికం. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును మండలం ఆటలకు, జిల్లా ఆటలకు, అదృష్టం బాగుంటే రాష్ట్ర స్థాయి స్కూల్ గేమ్స్‌కు తీసుకువెళ్లేది మేమే. పీఈటీ మేడం ఆట నేర్పుతారు. మిగతా ఇద్దరం సంచులు మోస్తాం, సంతకాలు పెట్టించుకుంటాం, తల్లిదండ్రులకు ఫోన్లు చేస్తాం. ఈరోజు చదివే గొంతు ఒకటే గానీ మాటలు ముగ్గురివి.

2025 అక్టోబరులో ఇక్కడి నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో, పీఎం పాలెం స్టేడియంలో, మహిళల క్రికెట్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు జరిగాయి. 9న దక్షిణాఫ్రికా చేతిలో, 12న ఆస్ట్రేలియా చేతిలో మన జట్టు ఇక్కడే ఓడింది. ఊరంతా ఉసూరుమంది. అదే జట్టు నవంబరు 2న నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలో కప్పు ఎత్తింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది. మర్నాడు మా బడిలో ప్రార్థన గంట కొట్టకముందే ఆడపిల్లలు పేపర్ పట్టుకుని గుంపులు కట్టారు. ఆ ఫొటోను గోడకు అంటించమన్నారు, అంటించాం.

ఆ ఫొటో చూస్తుంటే మాకు అదే స్టేడియంలో జరిగిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. దాని గురించి ఏ గోడ మీదా ఫొటో ఉండదు.

2022 జనవరిలో మహిళల ఫుట్‌బాల్ ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. ఆసియాలో అంతకంటే పెద్ద పోటీ లేదు. 2023 ప్రపంచ కప్‌కు దారి కూడా అదే. ఆతిథ్య దేశం కాబట్టి మన జట్టుకు నేరుగా చోటు దొరికింది. జనవరి 20న ఇరాన్‌తో మొదటి మ్యాచ్ గోల్ లేకుండా డ్రా అయింది. 23న చైనీస్ తైపీతో రెండోది. ఆ మ్యాచ్ మొదలే కాలేదు. డజను మంది దాకా క్రీడాకారిణులకు కోవిడ్ పాజిటివ్ వచ్చింది, ఇంకొందరికి గాయాలు. కనీసం పదమూడు మంది పేర్లు రాసి ఇవ్వాలన్నది నిబంధన. ఆ పదమూడు మంది కూడా లేరు. నిబంధనల ప్రకారం మన జట్టు పోటీ నుంచి తప్పుకున్నట్టు లెక్కగట్టారు. ఇరాన్‌తో ఆడిన మ్యాచ్‌ను కూడా లెక్కలోంచి తీసేశారు. అంటే రికార్డు పుస్తకంలో ఆ అమ్మాయిలు ఆ కప్పులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఎవరి తప్పు అని తేల్చడం మా పని కాదు. మేము చూసింది ఒక్కటే. ఏళ్ల తరబడి చేసిన సాధన మైదానంలో ఓడిపోలేదు. హోటల్ వరండాల్లో, భోజనాల బల్లల దగ్గర, పరీక్షల రిపోర్టుల్లో ఓడిపోయింది. అక్కడ బంతి ఉండదు. అక్కడ పనిచేసేవాళ్లు వేరే.

గెలుపు కథ కూడా చెప్పాలి కదా. 2025 జూన్, జూలైలో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో 2026 ఆసియా కప్‌కు అర్హత పోటీలు జరిగాయి. మన అమ్మాయిలు మంగోలియాపై 13-0, తిమోర్ లెస్తెపై 4-0, ఇరాక్‌పై 5-0 గెలిచారు. జూలై 5న ఆఖరి మ్యాచ్ ఆతిథ్య జట్టు థాయ్‌లాండ్‌తో. ర్యాంకుల్లో వాళ్లు మనకంటే ఎంతో పైన. బెంగాల్ అమ్మాయి సంగీతా బాస్‌ఫోర్ రెండు గోల్స్ కొట్టింది, 2-1తో గెలిచాం. అర్హత పోటీల్లో ఆడి, గెలిచి ఆసియా కప్‌కు చేరడం మన మహిళల జట్టుకు ఇదే మొదటిసారి. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రి. 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే ఆ కప్పుకు జపాన్, వియత్నాం, చైనీస్ తైపీలతో ఒకే గ్రూపులో చోటు దొరికింది. తెలుగు వాళ్ల వైపు నుంచి చెప్పుకోవాల్సిన పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ అమ్మాయి, లంబాడా కుటుంబం. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడింది. 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఆలిండియా ఫెడరేషన్ ఎంపిక చేసింది ఈమెనే. మా పిల్లలకు ఈ పేరు కంఠతా వచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాం. జాతీయ జట్టు విమానం ఎక్కితే అందులో ఆడేవాళ్లు ఇరవై పైచిలుకు మంది. వాళ్లతో పాటు ఆడనివాళ్లు ఇంకో పదీ పన్నెండు మంది ఉంటారు. హెడ్ కోచ్‌ను టీవీలో చూస్తాం. తక్కిన వాళ్లెవరు? సహాయ కోచ్, గోల్‌కీపర్లకు వేరే కోచ్, ఒళ్లు గట్టిపరిచే ట్రైనర్, డాక్టర్, ఫిజియో, వీడియోలు చూసే అనలిస్ట్, సామాన్లు చూసేవారు, అన్నిటికీ మించి టీమ్ మేనేజర్.

మేనేజర్ పని మనకు బాగా తెలిసిన పనే. పెళ్లివారిని రెండు బస్సుల్లో ఇంకో ఊరికి తీసుకెళ్లే పెద్దమనిషి చేసే పని. పాస్‌పోర్టులో పేరు ఒకలాగా, ఫెడరేషన్ కాగితంలో ఇంకోలాగా ఉంటే ముందే సరిచేయించాలి. మన తెలుగు ఇంటిపేర్లు, మన ముస్లిం పేర్ల స్పెల్లింగులు ఎన్ని తిప్పలు పెడతాయో మీకు చెప్పక్కర్లేదు. మ్యాచ్ ముందు రోజు సమావేశంలో ఎవరు ఏ రంగు జెర్సీ వేసుకోవాలో, గోల్‌కీపర్ ఏ రంగు వేసుకోవాలో తేలుతుంది. అది రాసుకుని వచ్చి సామాన్ల మనిషికి చెప్పాలి. మ్యాచ్ రోజు గంట ముందే పేర్ల జాబితా సంతకం చేసి ఇవ్వాలి. అందులో నంబరు తప్పు పడితే ఆట మొదలవకముందే తలనొప్పి.

సామాన్లు చూసేవాళ్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక్కొక్కరికి రెండు జతల జెర్సీలు, ఎందుకంటే మొదటి సగంలో చెమటకు తడిసిపోతుంది, రక్తం అంటితే మార్చకుండా ఆడనివ్వరు. తడి బూట్లలో పాత పేపర్లు కుక్కి రాత్రంతా ఆరబెట్టడం మా బడిలోనూ చేస్తాం. అంతర్జాతీయ జట్టుకూ ఆ పేపర్ల వైద్యమే పనికొస్తుందని తెలిసినప్పుడు మా పీఈటీ మేడం గారికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఫిజియో పని మీద కాసేపు ఆగుతాం. ఫుట్‌బాల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. తెగితే ఆపరేషన్, ఆపైన దాదాపు ఏడాది ఇంట్లో కూర్చోవాలి. పేదింటి పిల్లకు అలా అయితే ఆట అక్కడితో సరి. దీనికి విరుగుడుగా ఫిఫా డాక్టర్లు ఒక కసరత్తు తయారు చేశారు, దాన్ని ఫిఫా 11 ప్లస్ అంటారు. ఇరవై నిమిషాలు పడుతుంది. మెల్లగా పరుగు, ఒంటికాలి మీద నిలకడ, గెంతి మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం, అంతే. ఖర్చేమీ లేదు. ఆట ముందు క్రమం తప్పకుండా చేస్తే గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. మేము దాన్ని మా పిల్లలతో చేయిస్తున్నాం. మొదట్లో నవ్వారు. ఇప్పుడు చిన్న తరగతుల పిల్లలకు వాళ్లే నేర్పుతున్నారు.

భోజనం సంగతి మన సభలో చెప్పకుండా ఉండలేం. 2026 ఆసియా కప్ తేదీలు మార్చి 1 నుంచి 21 దాకా. చాలా రోజులు రంజాన్‌లోనే. ఇరాన్, బంగ్లాదేశ్, ఉజ్బెకిస్తాన్ కూడా అర్హత సాధించాయి. ఉపవాసం ఉండే అమ్మాయి ఉంటే సహరీకి ఏం తినాలి, ఇఫ్తార్‌లో నీళ్లు ఎంత తాగాలి, ప్రాక్టీసు ఏ వేళకు జరపాలి, ప్రయాణంలో ఉన్నవాళ్లకు దీన్‌లో ఉన్న వెసులుబాటును వాడుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికి ఎలా వదిలేయాలి, ఇదంతా ఎవరో ఒకరు కూర్చుని లెక్క వేయాలి. ఆ మనిషికి వైద్యమూ తెలియాలి, ఆ పిల్ల మనసూ తెలియాలి. అలాంటి పనికి మన ఇళ్లలోంచి వెళ్లిన ఒక చదువుకున్న అమ్మాయి సరిపోదా అని మా ఆలోచన.

వెనక నిలబడి పనిచేయడం మనవాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ మా వృత్తి వారే, బడిపంతులు. ఉస్మానియాలో బీఏ చదివి పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆయన చేతుల మీదుగా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం ఆయన హయాంలోవే. జకార్తా వెళ్లే నాటికే ఆయనకు కాన్సర్. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరసలో ఆడించారు. సెమీఫైనల్లో, ఫైనల్లో ఆ జర్నైల్ సింగే గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. 1963 జూన్ 11న రహీం సాహెబ్ కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు స్వర్ణం రాలేదు. మొన్నమొన్న హిందీలో సినిమా వచ్చేదాకా మా స్టాఫ్ రూములోనే సగం మందికి ఆయన పేరు తెలియదు.

ఇక ఆడపిల్లల విషయంలో మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న బట్టలది. దాచుకోవడం ఎందుకు, మేము ఇంటికి వెళ్లి అడిగినప్పుడు తల్లులు టీ ఇస్తూ ఇదే అడుగుతారు. దీనికి ఒక జవాబు ఉంది, ఆ జవాబు కుట్టుమిషను నుంచి వచ్చింది.

2011 జూన్‌లో ఇరాన్ మహిళల జట్టు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడడానికి వచ్చింది. తల, మెడ కప్పుకున్నారని మ్యాచ్ ముందే వాళ్లను అనర్హుల్ని చేశారు. అమ్మాయిలు మైదానంలోనే ఏడ్చారు. మెడకు చుట్టిన గుడ్డను ఎవరైనా లాగితే గొంతు బిగుస్తుంది, అది ప్రమాదం అన్నది ఫిఫా వాదన. జోర్డాన్ యువరాజు అలీ బిన్ అల్ హుసేన్ అప్పుడు ఫిఫాలో ఉపాధ్యక్షుడు. ఆయన దీన్ని మత వివాదంగా సాగనివ్వలేదు, దర్జీ పనిగా మార్చారు. ప్రమాదం లేని స్కార్ఫ్ కుట్టగలిగితే మీకేం అభ్యంతరం అని అడిగారు. కెనడాలో స్థిరపడిన ఇరాన్ మూలాల డిజైనర్ ఎల్హామ్ సయ్యద్ జవాద్, నెదర్లాండ్స్ డిజైనర్ సిండీ వాన్ డెన్ బ్రేమెన్ చేసిన నమూనాలు పరీక్షకు వెళ్లాయి. లాగితే బిగుసుకోకుండా ఊడివచ్చేలా ఉండడం దాని కీలకం. 2012 జూలైలో ప్రయోగాత్మకంగా ఒప్పుకున్నారు. 2014 మార్చి 1న నిబంధనల్లో శాశ్వతంగా చేర్చారు. 2023 జూలై 30న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో దక్షిణ కొరియాతో మ్యాచ్‌లో మొరాకో డిఫెండర్ నుహైలా బెన్‌జినా హిజాబ్‌తో మైదానంలోకి దిగింది. పెద్దల మహిళా ప్రపంచ కప్‌లో హిజాబ్‌తో ఆడిన మొదటి క్రీడాకారిణి ఆమె. ఆ మ్యాచ్ మొరాకో 1-0తో గెలిచింది.

బెన్‌జినా ఫొటో ప్రపంచమంతా తిరిగింది. గుడ్డ కత్తిరించి, కుట్టి, లాగి చూసి, మళ్లీ కుట్టినవాళ్ల ఫొటోలు అంతగా తిరగలేదు. మన సంస్థ ఏటా కుట్టుమిషన్లు పంచుతుంది. ఈ కథ మన కుట్టు కేంద్రంలో చెప్పాలని మాకు ఉంది.

ఇంకో పేరు, క్లుప్తంగా. ఖాలిదా పోపల్. అఫ్గానిస్తాన్ మహిళా జట్టు పూర్వ కెప్టెన్. ప్రాణభయంతో దేశం విడిచి డెన్మార్క్‌లో ఉంటున్నారు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి వెళ్లినప్పుడు అక్కడున్న క్రీడాకారిణులను బయటికి తేవడానికి రాత్రింబవళ్లు ఫోన్ల మీదే గడిపారు. ఎందరో ఆస్ట్రేలియా చేరారు. దేశం తమను ఒప్పుకోకపోయినా ఆ అమ్మాయిలు 2025 అక్టోబరులో మొరాకోలో ఫిఫా పోటీల్లో శరణార్థుల జట్టుగా ఆడారు. ఒక జట్టును బతికించడం అంటే ఏమిటో ఆమె జీవితం చూస్తే తెలుస్తుంది. ఆ పనిలోనూ బంతి లేదు.

ఇప్పుడు మా పిల్లల సంగతి.

2022 అక్టోబరులో అండర్-17 ఆడపిల్లల ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. భువనేశ్వర్ మనకు రైల్లో ఒక పూట ప్రయాణం. అక్టోబరు 14, శుక్రవారం, భారత్-మొరాకో మ్యాచ్. మేము సెలవు పెట్టుకుని, తలా కొంత వేసుకుని, ఎనిమిది మంది పిల్లల్ని తీసుకెళ్లాం. మన జట్టు 3-0తో ఓడింది. అంతకుముందు అమెరికా చేతిలో 8-0, ఆ తర్వాత బ్రెజిల్ చేతిలో 5-0. ఓటముల లెక్క అలా ఉంది. మా పిల్లలు మాత్రం గొంతులు పోయేలా అరిచారు.

మ్యాచ్ మధ్యలో ఒక అమ్మాయి కింద పడింది. బెంచీ దగ్గర్నుంచి సంచి తగిలించుకుని ఒకామె పరుగెత్తింది. మోకాలి పక్కన కూర్చుని ఏదో అడిగింది, కాలు మెల్లగా వంచి చూసింది, లేపి నిలబెట్టింది. ఒక నిమిషం పట్టిందేమో. మా పిల్లల్లో తొమ్మిదో తరగతి చదివే ఒకమ్మాయి ఉంది. ఆటలో అంత చురుకు కాదు, జట్టులో పదహారో నంబరు. ఆమె చూపు ఆ సంచి మీదనుంచి కదల్లేదు. ఆట అయ్యాక అడిగింది: "మేడం, ఆమెకి కూడా జీతం ఇస్తారా?"

ఇస్తారన్నాం. దానికి ఏం చదవాలంది. బైపీసీ, తర్వాత బీపీటీ, నాలుగున్నరేళ్లు అని చెప్పాం. తిరుగు రైల్లో మిగతావాళ్లు గోల్స్ గురించి కొట్లాడుకుంటుంటే ఈ పిల్ల పై బెర్తు మీద పడుకుని వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంది. ఆమె తండ్రి ఫిషింగ్ హార్బర్‌లో ఐసు బండి తోలుతారు. ఇద్దరు తమ్ముళ్లు. ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. సాయంత్రాలు మా బడికి వచ్చి చిన్నపిల్లలకు ఫిఫా కసరత్తు చేయిస్తుంది. ఎవరికైనా మడమ బెణికితే ఐసు కోసం పరుగెత్తేది ఆమే. ఐసు వాళ్ల నాన్న గారి బండిలోంచే వస్తుందనుకోండి.

ఈ ఏడాది మన సంస్థ ఉపకార వేతనాల ఫారం ఆమెకు ఇప్పిద్దామని తీసుకున్నాం. అందులో ఎంబీబీఎస్, ఇంజనీరింగ్, ఫార్మసీ, డిగ్రీ, ఐటీఐ అని గళ్లున్నాయి. ఫిజియోథెరపీకి గడి లేదు. వ్యాయామ విద్యకూ లేదు. ఫారం తయారు చేసినవాళ్లను తప్పుపట్టడం లేదు. ఎవరూ ఇంతవరకు అడిగి ఉండరు. అందుకే అడగడానికి వచ్చాం.

తండ్రులు మమ్మల్ని అడిగే రెండో ప్రశ్న ఉంది. బట్టల ప్రశ్న తల్లులది, ఈ ప్రశ్న తండ్రులది. "మేడం, రాత్రి వాళ్లతో ఎవరుంటారు?" దీన్ని వెనకబాటుతనం అని నవ్వేవాళ్లంటే మాకు కోపం. 2022 జూన్‌లో ఇదే అండర్-17 జట్టు యూరప్ పర్యటనలో ఉండగా ఒక సహాయ కోచ్‌ను దుష్ప్రవర్తన ఆరోపణ మీద వెనక్కి పిలిపించి, ఫెడరేషన్ ఉద్యోగంలోంచి తీసేసింది. దేశం జట్టులోనే అలా జరిగినప్పుడు తండ్రి అడగక ఎలా ఉంటాడు? ఆ ప్రశ్నకు ఉపన్యాసంతో జవాబు చెప్పలేం. "మేముంటాం" అని చెప్పాలి, ఉండాలి.

ఒకసారి వేరే జిల్లాలో పోటీలకు వెళితే ఒక బడి తరగతి గదుల్లో బస ఇచ్చారు. స్నానాల గదికి గడియ లేదు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆరింటి దాకా పదహారు మంది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తుంటే మేమిద్దరం దుప్పటి అడ్డంపట్టుకుని నిలబడ్డాం. ఫజర్ నమాజు వంతులవారీగా చేసుకున్నాం. ఆరోజే ఒక పిల్లకు మొదటిసారి నెలసరి వచ్చింది. ఇంటికి దూరంగా, భయపడి మూలన కూర్చుంది. పీఈటీ మేడం ఆమెను పక్కకు తీసుకెళ్లి మాట్లాడారు. మధ్యాహ్నం మ్యాచ్‌లో ఆ పిల్ల ఆడతానంది, ఆడింది కూడా. మరుసటి రోజు పేపర్లో గోల్ కొట్టిన అమ్మాయి పేరు వచ్చింది. దుప్పటి గురించి రాలేదు. వస్తే మాకే సిగ్గుగా ఉండేది.

ఇలాంటి ప్రయాణానికి వెంట వెళ్లే ఆడమనిషి ఖర్చే ఎప్పుడూ తక్కువ పడుతుంది. పిల్లల బూట్లకు దాతలు దొరుకుతారు. బూట్లు కనిపిస్తాయి, వాటితో ఫొటో దిగవచ్చు. కప్పు గెలిస్తే శాలువాలు కప్పేవాళ్లకు కొదవ లేదు. తోడు వెళ్లే మనిషి బస్సు చార్జీ, రెండు రోజుల భోజనం ఫొటోలో పడవు. అది లేనందుకు ఆగిపోయిన ప్రయాణాలు మాకు తెలుసు. ఒక ఏడాది తోడుగా రెండో ఆడమనిషి దొరకక ముగ్గురు పిల్లల ఇళ్లలో పంపించలేదు. వాళ్లలో ఒకరు మా గోల్‌కీపర్. పెద్దవాళ్లు చేసింది సరైన పనే. పంపించకూడదు కూడా.

దాతలతో లెక్కలు సూటిగానే మాట్లాడాలి. మేము కోరేవి పెద్దవి కావు. వచ్చే ఏడాది ఫారంలో ఫిజియోథెరపీ, వ్యాయామ విద్య అని రెండు గళ్లు పెట్టండి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచ్‌లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది, డిగ్రీ అయిన మన అమ్మాయిలను దానికి పంపే ఆలోచన చేయండి. ఆడపిల్లల జట్టు ఊరు దాటితే వెంట ఇద్దరు ఆడవాళ్ల ఖర్చు సంస్థ భరించేలా ఒక చిన్న నిధి ఉంచండి. కుట్టు కేంద్రంలో నిండు చేతుల జెర్సీలు, లోపల వేసుకునే లెగ్గింగులు, ఊడివచ్చే స్కార్ఫులు కుట్టించండి. గుడ్డ కొలతలు మేము ఇస్తాం. కొనేవాళ్లు కూడా ఉన్నారు. పక్క బడుల పీఈటీలు ఇప్పటికే అడుగుతున్నారు.

జకాత్ సొమ్మును దేనికి వాడవచ్చో, సదఖా సొమ్మును దేనికి వాడవచ్చో మాకంటే మన ఉలమాలకు బాగా తెలుసు. వాళ్లను అడిగే పెట్టండి. ఐసు బండి తోలే తండ్రి కూతురి కాలేజీ ఫీజు ఏ లెక్కలోకి వస్తుందన్నది మాత్రం అంత చిక్కు ప్రశ్న కాదనుకుంటున్నాం.

ఎవరో అడగబోతున్నారు, మేమే చెప్పేస్తాం. "మేడం, వీళ్లలో ఎంతమంది దేశం జట్టుకు వెళతారు?" ఒక్కరు కూడా వెళ్లకపోవచ్చు. మా బడిలో ముప్పై మంది ఆడపిల్లలు బంతి తన్నుతారు. సౌమ్యలాంటి పిల్ల అందులో ఉంటే మాకు పండగే, లేకపోయినా ఆట ఆపం. జట్టు వెనకాల పని మాత్రం ఒక్క దేశం జట్టుకే ఉండదు. విశాఖలో ఇన్ని ఆసుపత్రులున్నాయి, ఇన్ని స్టేడియాలు, ఇన్ని బడులున్నాయి. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో పనిచేసి నడుములు పడిపోయినవాళ్లు ఈ హాల్లోనే ఎందరో ఉన్నారు. వాళ్ల నడుములు చూసేదీ ఫిజియోలే. రేపు ఆ అమ్మాయి ఆస్ట్రేలియా వెళ్లకపోయినా గాజువాకలో ఒక గది తీసుకుని బోర్డు పెట్టుకుంటుంది, అది మాకు చాలు. దీనికి మాత్రం ఆమె ఒప్పుకోదు. ఆస్ట్రేలియానే కావాలంటుంది.

ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికి మా జట్టు జిల్లా పోటీలకు బయల్దేరే రోజు దగ్గర పడుతుంది. మధురవాడ నుంచి తెల్లవారి ఐదున్నరకు బస్సు. పదహారు మంది పిల్లలు, ముగ్గురం టీచర్లం, ఒక అరటిపళ్ల గెల, రెండు ఐసు డబ్బాలు. ఈసారి ఇంకో ఆడమనిషికి సీటు ఖాళీగా ఉంచాం. తల్లుల్లో ఎవరైనా వస్తామంటే సభ ముగిశాక గుమ్మం పక్కన మేము ఉంటాం, పేరు రాసుకుంటాం. గళ్ల సంగతి కార్యదర్శి గారు కమిటీలో పెడతామన్నారు. ఆ మాట అందరి ముందూ చెప్పేస్తున్నాం.